గేటు ముందు సున్నపు సిలువ

గడ్డం లేని ఆడవాళ్ళకు గడ్డం వలలు పంచుతున్నాడు ఎవెరార్దో.

నెబ్రాస్కాలో పందుల్ని కోసే ప్లాంటు అది. పొద్దుటి షిఫ్టు వాళ్ళంతా గేటు ముందు ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. గడ్డాలున్న మగవాళ్ళ వెంట్రుకలు మాంసంలో రాలకుండా కట్టుకునే దారపు వలలవి. కన్నంలో వేలు పెడితే అవతలికి వస్తుంది. పెద్ద పట్నాల్లో ఊపిరాడక చచ్చిన మనుషుల్ని లారీల్లో పేర్చి పెడుతున్నారని రేడియో చెబుతున్న రోజుల్లో, కంపెనీ తన మనుషుల మూతులకు ఇచ్చిన రక్షణ అదే.

"ఇది మూతికా, చేపలు పట్టడానికా?" అంది కూకా, వలను వెలుతురుకు ఎత్తి చూస్తూ.

"కట్టుకోవమ్మా. ఏదీ లేనిదానికంటే నయం కదా."

"నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ కూడా అదే అనుకుంది పాపం."

వరసంతా నవ్వింది. నవ్వు సగంలోనే దగ్గయిపోయింది. ఎవెరార్దో కూడా నవ్వాడు. అతనిదీ వాళ్ళ ఊరే, సరిహద్దుకు దక్షిణాన మిచోవకాన్ కొండల్లో. ఒకప్పుడు వాళ్ళ పక్కనే నిలబడి తొడలు కోసినవాడే. తెల్ల టోపీ పెట్టి సూపర్‌వైజర్ని చేశాక అతని మెడ పైవాళ్ళ వైపు తప్ప తిరగడం మానేసింది.

కూకా వెనకే నిలబడి ఉంది తొమాసా. ఇద్దరిదీ ఒకే వయసు. కూకా కూతురికి జ్ఞానస్నానం రోజున జ్ఞానతల్లిగా నిలబడింది తొమాసాయే. అప్పటి నుంచీ ఒకరికొకరు వదినలు. కూకా కోత లైన్లో, తొమాసా ప్లాంటు చాకిరేవులో. రక్తం గడ్డకట్టి అట్టల్లా బిగుసుకుపోయిన తెల్లకోట్లు బళ్ళకొద్దీ వచ్చిపడతాయి అక్కడికి. రక్తం వాసన ఆమెకు అలవాటే. ఆ నెలలో కోట్ల చేతుల మీద కొత్తగా కఫం కనబడసాగింది. లైన్ ఆగదు, చేతిలో కత్తి ఉంటుంది, మూతికి చిల్లుల వల ఉంటుంది. దగ్గు వస్తే మనిషి మోచేతికే తుడుచుకుంటాడు. ఆ కోటునే మర్నాడు ఇంకొకడు తొడుక్కుంటాడు. తొమాసా వాటిని కాగులో రెండుసార్లు ఉడకేసేది. ఎవరూ చెప్పలేదు, తనే వేసేది.

నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే యంత్రం కూకా దగ్గర కీచుమంది. ఎవెరార్దో అటూ ఇటూ చూసి జేబులోంచి మాత్ర తీశాడు.

"వేసుకుని ఆ బెంచీ మీద కూర్చో. యంత్రం మంచిమాట చెప్పేదాకా కూర్చుని, అప్పుడు లోపలికి రా."

"జ్వరం నాకా, యంత్రానికా?"

"లైన్లో మనుషుల్లేరు కూకా. నా ఉద్యోగం నిలబెట్టు."

కూకా బెంచీ మీద కూర్చుని తొమాసా కొంగు లాగినట్టు చొక్కా పట్టుకు లాగింది. "వదినా, మొక్కజొన్న ఉడకేయాలి, మా ఇంట్లో సున్నం అయిపోయింది. సాయంత్రం ఓ గుప్పెడు పంపు."

"నీకు కాళ్ళు లేవా? నువ్వే వచ్చి తీసుకుపో" అంది తొమాసా.

వాళ్ళిద్దరి మధ్యా అదే ఆఖరు మాట.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు కూకా గేటు దాకా నడిచి వచ్చింది. అక్కడే కూలింది. మనుషులు నడిచే దారి అది, రెండు ఇనపకంచెల మధ్య సందు. బయటికి పోయేవాళ్ళూ లోపలికి వచ్చేవాళ్ళూ అక్కడే ఒరుసుకుంటారు. తొమాసా చాకిరేవు నుంచి బయటికొచ్చేసరికి ఎవెరార్దో అరుస్తున్నాడు. "దారికడ్డం నిలబడకండి. దాటుకుని రండి. లైన్ ఆగదు."

మనుషులు దాటారు. అది తొమాసా తన కళ్ళతో చూసింది. ఒక బూటు, ఇంకో బూటు, తర్వాత ఇంకో బూటు. కొందరు కళ్ళు మూసుకుని దాటారు. కొందరు సిలువ గుర్తు వేసుకుని మరీ దాటారు. ఆలస్యమైతే ఆ పూట కూలి పోతుంది. వాళ్ళంతా మంచివాళ్ళే. కూకా చేతి వంట తిన్నవాళ్ళే. మంచివాళ్ళ చేత ఆ పని చేయించడమే కంపెనీ నేర్చిన విద్య.

అంబులెన్సులోకి ఎవర్నీ రానివ్వలేదు. వెళ్ళేవాళ్ళ నుదుటి మీద ఉండిపోయేవాళ్ళు బొటనవేలితో సిలువ గుర్తు వెయ్యాలి. వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి రాజెయ్యడమంత మామూలు పని అది. తొమాసా చెయ్యెత్తింది. వేలు గాల్లో ఉండగానే తలుపు పడిపోయింది.

కూకా పోయిందని ఆస్పత్రి నుంచి ఫోను వచ్చిన రోజునే, వాళ్ళుండే ట్రైలర్ల పేటలో, ఆ రేకు బళ్ళ ఇళ్ళల్లో, గుమ్మం గుమ్మానికీ కంపెనీ పంపిన అట్టపెట్టె ఒకటి వచ్చింది. మీద రంగుల అక్షరాలు: మా వీరులకు. లోపల ఉప్పేసిన పందితొడ. కూకా గుమ్మం ముందు కూడా పెట్టి వెళ్ళారు. ఆమె కోసిన తొడే అయి ఉండొచ్చు. ఇళ్ళల్లో తిండి అయిపోయినవాళ్ళు తిన్నారు. తింటూ తిట్టారు. తిననివాళ్ళు కుక్కలకు వేశారు.

పేటలో ఇద్దర్లో ఒకరు మంచాన పడ్డారు. తొమాసా కూతురు నీవెస్ కూడా పడింది. ఒకే ట్రైలరు. మధ్యలో దుప్పటి వేలాడదీసి, దుప్పటికి అటు కూతురు, ఇటు తల్లి. కూతురి దగ్గు ఆగితే తల్లికి నిద్ర పట్టేది కాదు. ఆగింది దగ్గేనా, ఇంకేమైనానా అని లేచి కూర్చునేది.

మంచం మీదే ఉండి ఫోనులో పేటను నడిపింది నీవెస్. జబ్బున్న ఇంటివాళ్ళు తలుపుకు ఎర్ర గుడ్డ కట్టాలి. తిండి లేనివాళ్ళు తెల్ల గుడ్డ కట్టాలి. రెండూ ఉంటే అక్కడికి ముందు పోవాలి. లేచి తిరగ్గలిగినవాళ్ళు మెట్ల మీద గిన్నె పెట్టి, తలుపు కొట్టి, దూరంగా వచ్చి నిలబడాలి. లోపలి మనిషి గొంతు వినిపించాకే కదలాలి. పాత దుప్పట్లు కోసి ఆడవాళ్ళు మూతిగుడ్డలు కుట్టారు. తొమాసా ఉడకబెట్టి ఆరేసింది. వీధికి అవతల ఉండే సోమాలీలకు రంజాను ఉపవాసాలు నడుస్తున్నాయి. వాళ్ళు కూడా గుడ్డలు కట్టడం మొదలెట్టారు. వాళ్ళ గిన్నెలు ఇటు, వీళ్ళ గిన్నెలు అటు నడిచాయి.

"మీ బీన్స్‌లో పంది కొవ్వు లేదు కదా పెద్దమ్మా?" అని అడిగేవాడు సోమాలీ కుర్రాడు అబ్షీర్, కోత లైన్లో నీవెస్ పక్కన నిలబడేవాడు.

"పొద్దస్తమానం పందుల్ని కోస్తాం, ఇంట్లో కూడా దాని మొహమే చూడమంటావా? నూనె పోశా, తిను."

అప్పుడు కంపెనీ నుంచి అందరి ఫోన్లకూ ఒకటే కబురు వచ్చింది. జ్వరం లేకపోతే దగ్గున్నా పనికి రావాలి. సోమవారం రానివాళ్ళు తమంతట తాము మానుకున్నట్టే. ట్రైలర్ల స్థలం కూడా కంపెనీదే. నీవెస్‌కు జ్వరం తగ్గింది. మెట్లెక్కితే మాత్రం గోడ పట్టుకుంటోంది.

"పోతానమ్మా" అంది దుప్పటి అవతలి నుంచి. "బెంచీ మీద కూర్చోబెట్టి మాత్ర ఇస్తారుగా."

తొమాసాకు కూకా కూర్చున్న ఆ బెంచీ కనిపించింది.

ఆదివారం పేట నడివీధిలో సభ. సభంటే ఎవరి మెట్ల మీద వాళ్ళు నిలబడి అరుచుకోవడం. కూకా కోసం నవదిన జపాలు ఎక్కడ చెయ్యాలన్న మాట వచ్చింది. మనిషి పోయాక తొమ్మిది రోజులు జపమాల చెప్పాలి. శవం ఉంచిన చోట నేల మీద సున్నంతో సిలువ గీస్తారు. తొమ్మిదో రోజున ఆ సున్నాన్ని ఎత్తాలి, అప్పుడే ఆత్మ కదులుతుంది. అప్పటిదాకా దాన్ని ఎవరూ తొక్కరు, దాటరు. తాగుబోతు కూడా చుట్టూ తిరిగి పోతాడు. పేటలో జపం చెప్పించే మనిషి తొమాసా. పోయినవాళ్ళందరికీ దారి చూపించింది ఆమె గొంతే.

"కూకా ఇంట్లోనే చెయ్యాలి. మన పెద్దలు అలాగే చేశారు" అంది ఒక ముసలామె.

"అందరం ఆ ఇంట్లో దూరితే వచ్చే వారం ఎవరి ఇంట్లో చెయ్యాలో చీట్లు వేసుకోవాలి" అంది నీవెస్ కిటికీలోంచి.

"దేవుడి పనికి జబ్బు అంటదు."

"కూకా మెడలో జపమాల ఉందిగా. అంటలేదా?"

ఎవరో ఏడ్చారు. ఎవరో తిట్టారు. కోత లైన్లో భర్త సిల్వెస్త్రేను పోగొట్టుకున్న ఇమెల్దా అరిచింది. "మా ఆయనకి సిలువే గియ్యలేదు. బూడిద డబ్బా చేతిలో పెట్టి పొమ్మన్నారు. ఎక్కడ గియ్యాలి, చెప్పండి. శవం ఎక్కడ పడుకుందో ఎవడికి తెలుసు?"

తొమాసా మెట్టు దిగింది. గట్టిగా మాట్లాడే అలవాటు లేదామెకు, జపంలో తప్ప.

"కూకా ఎక్కడ పడుకుందో నాకు తెలుసు. గేటు దగ్గర. అందరం చూశాం. కొందరం దాటాం."

తలలు వంగాయి.

"సిలువ అక్కడే గియ్యాలి" అంది తొమాసా.

సోమవారం పొద్దున, షిఫ్టు గంటకు ముందు, మొక్కజొన్నలో వేసే సున్నం సంచీ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. ఇనపకంచెల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని గుప్పెటలోంచి సన్నగా జారవిడిచింది. సిలువ చేతులు ఈ కంచె నుంచి ఆ కంచె దాకా సాగాయి. పక్కన కాలు పెట్టే చోటు మిగల్లేదు. 'ఓ గుప్పెడు పంపు' అన్న మాట చెవిలో ఉంది. "ఇదిగో వదినా, తెచ్చా" అంది నేలతో.

పొద్దుటి షిఫ్టు వచ్చింది. ముందు నడిచినవాడు ఆగాడు. వెనకవాళ్ళు అతన్ని చూసి ఆగారు. మనిషికీ మనిషికీ మధ్య ఒక శవం పట్టేంత ఎడం వదిలి నిలబడమంది నీవెస్. అందరూ అలాగే నిలబడ్డారు. వరస రోడ్డు దాకా పోయింది.

"ఏంటిది పెద్దమ్మా?" అన్నాడు ఎవెరార్దో, సిలువకు అవతలి నుంచి.

"ఏంటో నీకు తెలుసు. మీ నాన్నకి గీసింది నేనే."

"సరే, దాటండి. పని చూసుకుని వచ్చి మొక్కుకుందురు."

"ముందు నువ్వు దాటి ఇటు రా. నిన్ను చూసి మేం దాటతాం."

ఎవెరార్దో బూటు కదిలింది. సున్నం అంచు దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "తెల్ల టోపీ కింద ఇంకా మన ఊరి తలే ఉందిరోయ్."

అబ్షీర్ తన వాళ్ళతో మాట్లాడి ముందుకొచ్చాడు. "సిలువ మాకు అడ్డం కాదు పెద్దమ్మా. మేం దాటొచ్చు. కానీ ఆ రోజు దాటినవాళ్ళలో నేనూ ఉన్నా. మళ్ళీ దాటను."

ప్లాంటు మేనేజరు హాల్వర్సన్ వచ్చాడు. అతని మూతికి ఉన్నది అసలైన గుడ్డ, రెండు పొరలది. ఎవెరార్దో చెప్పిందంతా విని, "సుద్దే కదా. కడిగెయ్యండి" అన్నాడు. నెత్తుటి నేలలు కడిగే గొట్టం తెప్పించాడు. నీళ్ళు కొట్టారు. సున్నం పాలలా కాలవలోకి పోయింది. జనం వైపు నుంచి ఒక్క మూలుగు లేచింది.

ఇంత చేసీ ఇప్పుడు నీవెస్ లోపలికి పోవాలి. అప్పుడు తొమాసా నోట్లోంచి మాట వచ్చింది, తనకే ముందు తెలియని మాట.

"తొమ్మిదో రోజుకు ముందు సిలువ చెరిగితే లెక్క మళ్ళీ మొదలు. ఇవాళ మొదటి రోజు." తడినేల మీదే మళ్ళీ గియ్యడం మొదలుపెట్టింది.

"ఇది ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు ఎవెరార్దో గొంతు తగ్గించి.

"నేను చెబుతున్నా. చాలదా?"

పేటలో ఆ నియమం ఎవరూ వినలేదు. అయినా ముసలామెలందరూ గంభీరంగా తలలూపారు. "అవును, మా అమ్మమ్మ కూడా అలాగే అనేది" అంది ఒకామె. మూతిగుడ్డల వెనక నవ్వు వరస చివరిదాకా పాకింది.

మర్నాడు మళ్ళీ కడిగారు. మళ్ళీ మొదటి రోజు. లోపల లైన్ మనుషుల్లేక తిరిగింది. కొక్కేలకు వేలాడిన పందులు వాసన కొట్టాయి. హాల్వర్సన్ చర్చి ఫాదరుకు ఫోను చేసి, ఇది బైబిల్లో ఉందా అని అడిగాడట. బైబిల్లో గడ్డం వలలు కూడా లేవని ఫాదరు ఫోను పెట్టేశాడట. నిజమో కాదో, పేటంతా చెప్పుకుంది.

మూడోసారికి హాల్వర్సన్‌కు ఉపాయం తోచింది. "మనుషుల గేటు వద్దు. లారీల గేటు తెరిచాం, అటు నుంచి రండి" అన్నాడు మైకులో. ఆ గేటు వెడల్పయినది. లారీల్లోంచి పందులు దిగేది అక్కడే.

ఎవరో దాన్ని ఇంగ్లీషు తెలియనివాళ్ళకు విప్పి చెప్పారు. "పందులు పోయే దారిన రమ్మంటున్నాడు."

అప్పటిదాకా గుసగుసగా ఉన్న జనం గొంతు విప్పింది. కూకా పడిపోయిన వేళకు, షిఫ్టు మారే వేళకు, రెండు షిఫ్టుల వాళ్ళూ వచ్చారు. నడవలేనివాళ్ళు కార్లలో కూర్చుని అద్దాలు దించారు. తొమాసా మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం ఎత్తుకుంది. ఒక్కో జపం తర్వాత నీవెస్ ఒక్క మాట అరిచేది, గోడ పట్టుకోకుండా నిలబడి.

"మనిషి పడితే?"

"లైన్ ఆగాలి" అనేది జనం.

"జబ్బు పడితే?"

"కూలి ఆగకూడదు."

పొద్దు వాలాక సోమాలీలు ఖర్జూరాలతో ఉపవాసం విడిచేవాళ్ళు. ఖర్జూరాలు వరస వెంట ఒక చివరి నుంచి ఇంకో చివరికి వెళ్ళేవి, దూరంగా పెట్టి జరిగిపోయే పద్ధతిలోనే.

తర్వాత కడగడం మానేశారు. ఒక రోజు చూశారు, రెండో రోజు చూశారు. గొట్టం రాలేదు. కూకా ఎముకలు నవ్వుతున్నాయి, కంపెనీ భయపడిందని పేట సంబరపడింది. తొమాసా సంబరపడలేదు. ఆమె ఎవెరార్దో మొహం చూసింది. అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. ఊరివాడే కదా, మేనేజరుకు అసలు సంగతి చెప్పాడు. ఓపిక పట్టండి, తొమ్మిదో రోజున వాళ్ళే ఎత్తుకుంటారు, గేటు వాళ్ళే తెరుస్తారని.

తొమ్మిదో రోజు వచ్చింది. గేటు అవతల హాల్వర్సన్, అతని పక్కన షెరీఫు మనుషులు. ఎవెరార్దో చేతిలో అట్టపెట్టె, నిండా గడ్డం వలలు.

ఎత్తకుండా ఉండొచ్చు. ఆ మాట నీవెస్ ముందు రోజే అంది. తొమాసా తల అడ్డంగా ఊపింది. "కూకాని గేటుకి కట్టేసి మనం పోరాడతామా? బతికుండగా వాళ్ళు కట్టేసింది చాలు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. తల వైపు సున్నం ఎత్తింది. తర్వాత కుడి చెయ్యి. తర్వాత ఎడమ చెయ్యి. తర్వాత పాదం వైపు. చివరి పొడి కూడా పక్షి ఈకతో ఊడ్చి గుడ్డలో మూట కట్టింది. "పో వదినా" అంది. ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. వరసంతా ఏడ్చింది. దాటినవాళ్ళే ఎక్కువ ఏడ్చారు.

నేల ఖాళీ అయింది. ఇనపగేటు గుర్రుమని తెరుచుకుంది.

"చాలా బాగా జరిగింది. మీ విశ్వాసం అంటే మాకు గౌరవం" అన్నాడు హాల్వర్సన్. "ఇక పనికి పదండి."

ఎవరూ కదల్లేదు. అడుగు వెనక్కి వెయ్యనూ లేదు. అందరి చూపులూ తొమాసా మీద. నీవెస్ ముందు వరసలో ఉంది, గేటుకు ఎదురుగా. తొమాసాకు తెరిచిన గేటు పక్కన ఆ బెంచీ కనబడింది.

ఆమె తలెత్తి ఇమెల్దా వైపు తిరిగింది.

"సిల్వెస్త్రే ఏ చోట నిలబడి పని చేసేవాడే?"

ఇమెల్దాకు అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. "గేటు లోపలికి పోయేవాడు, రోజూ. ఇటు నుంచే."

"అయితే దారి ఇదే." తొమాసా సంచీలో చెయ్యి పెట్టింది. కంచె మొదట్లో తెల్లటి గీత పడింది. "సిల్వెస్త్రే ఒర్తేగా. ఇవాళ మొదటి రోజు."

"మా మామ పేరు కూడా చెప్పు పెద్దమ్మా" అన్నాడు అబ్షీర్. "మాకు సిలువ లేదు. పేరు చెప్పు చాలు."

"ఏం పేరు నాయనా?"

"వార్సమే."

"వార్సమే" అంది తొమాసా. ఆమె నోట అది కొంచెం వంకరగా పలికింది. ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఇంకో పేరు వచ్చింది. కార్లలోంచి ఇంకో పేరు. కంపెనీ ఎక్కడా చెప్పని పేర్లు, బూడిద డబ్బాల్లో ఇళ్ళకు చేరిన పేర్లు, వరసలో ఒక్కొక్కటే పైకి లేచాయి. అన్ని పేర్లకూ తొమ్మిదేసి రోజులంటే గేటు ఎన్నాళ్ళు మూతపడుతుందో హాల్వర్సన్ అప్పుడు లెక్క వేసుకున్నట్టున్నాడు. మొహం పందితొడలా ఎర్రబడింది.

"ఆ ముసల్దాన్ని తీసుకుపొండి" అన్నాడు.

షెరీఫు మనుషులు తొమాసాను రెక్కలు పట్టి లేపారు. దారికి అడ్డం పెట్టిన నేరమట. మనిషి పడితే దాటించినవాడికి ఏ నేరమూ లేదు. చేతులు వెనక్కి విరిచి బేడీలు వేస్తుంటే సున్నం వేళ్ళ సందుల్లోంచి రాలింది. ఆమెకు భయమేసింది. దాచుకోలేదు. ఇంకో తలుపు పడిపోతుంది, ఇంకో బండి వెళ్ళిపోతుంది, నుదుటి మీద వెయ్యడానికి చెయ్యి కూడా లేదు.

"నీవెస్" అంది.

నీవెస్ వచ్చింది. వంగి సంచీలో బొటనవేలు ముంచింది. ఉండిపోయేవాళ్ళు వెళ్ళేవాళ్ళకు వెయ్యాలి కదా. ఇన్నేళ్ళూ ఉండిపోయింది తల్లి. తల్లి నుదుటి మీద కూతురు మెల్లగా, తొందర లేకుండా సిలువ గీసింది. షెరీఫు మనిషి కూడా ఆ కాసేపు ఆగాడు.

"తొందరగా వచ్చెయ్యమ్మా. బీన్స్ నానబెడతా."

"నీకు కాళ్ళున్నాయిగా. నువ్వే వచ్చి తీసుకుపో" అంది తొమాసా. ఈసారి ఆ మాట చెప్పి నవ్వింది.

బండి తలుపు పడింది. అద్దంలోంచి చూసింది. నీవెస్ మోకాళ్ళ మీద కూర్చుని, ఆగిన చోటు నుంచి గీత సాగదీస్తోంది. ఒక కంచె నుంచి రెండో కంచె దాకా. అవతల ఎవెరార్దో నిలబడి ఉన్నాడు. హాల్వర్సన్ అతని మీద అరుస్తున్నాడు, దాటు, దాటి వాళ్ళని లోపలికి తోలుకురా అని. ఎవెరార్దో చేతిలోని పెట్టె కింద పెట్టాడు. తెల్ల టోపీ తీసి దాని మీద పెట్టాడు. దాటలేదు.

బండి కదిలింది. అద్దాలు మూసి ఉన్నా గొంతులు వినిపించాయి. జపం చెప్పించేది ఇప్పుడు నీవెస్.

"మనిషి పడితే?"

జవాబుకు బండి అద్దం అదిరింది. షెరీఫు మనిషి వెనక్కి తిరిగి, "ఏమంటున్నారు వాళ్ళు?" అని అడిగాడు.

"ఇవాళ మొదటి రోజంటున్నారు" అంది తొమాసా.